పట్టాలు ఒకటే... రైళ్లే రెండు!

విమానం టికెట్టు కొనాలంటే పది వెబ్‌సైట్లు వెతుకుతాం. వంద రూపాయలు తగ్గినా వదలం. అదే విదేశాల్లో రైలు టికెట్టు దగ్గరికొచ్చేసరికి మొదట కనిపించిందే కొనేస్తాం. రైలంటే ప్రభుత్వానిదేగా, ధర ఎక్కడ చూసినా ఒకటేగా... అన్న అలవాటు మరి! ఇటలీ, స్పెయిన్‌లాంటి దేశాల్లో ఆ అలవాటు పనికిరాదు. అక్కడ గంటకి 300 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే రైళ్లని పోటీ కంపెనీలు నడుపుతున్నాయి. ఆ పోటీ సంగతి తెలిస్తే నలుగురున్న కుటుంబానికి బోలెడు ఆదా. తెలియకపోతే టికెట్టు ఒకరిదీ, ఎక్కిన రైలు ఇంకొకరిదీ!

రోమ్‌లోని టెర్మినీ స్టేషన్లో రైళ్ల బోర్డు చూసిన కొత్తవాళ్లకి కళ్లు తిరుగుతాయి. మిలాన్ వెళ్లే రైలొకటి ఉంటుంది. కాసేపట్లోనే మిలాన్‌కే ఇంకో రైలు. రెండూ ఎర్రగానే ఉంటాయి. రెండూ మూడు గంటలకి కాస్త అటూఇటూగా గమ్యం చేరుస్తాయి. మరి తేడా ఏంటంటే... ఒకటి ఫ్రెచ్చారోస్సా. ఇటాలియన్‌లో ఆ మాటకి ‘ఎర్రబాణం’ అని అర్థం. దాన్ని నడిపేది ప్రభుత్వ రైల్వే సంస్థ ట్రెనితాలియా. రెండోది ఇతాలో. అది పూర్తిగా ప్రైవేటు కంపెనీది. హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద ఆర్టీసీ గరుడ బస్సు, దాని పక్కనే ప్రైవేటు ట్రావెల్స్ బస్సు పరుగులు తీస్తుంటాయి కదా, అచ్చం అలాగే. కాకపోతే అక్కడ రోడ్డు బదులు పట్టాలు!

రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్... ఇటలీ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా చూసొచ్చే ఊళ్లివే. ఈ నాలుగింటి మధ్యా రెండు కంపెనీల రైళ్లూ నడుస్తాయి. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి రెండు గంటలపైన, వెనిస్ నుంచి మిలాన్‌కి రెండున్నర గంటలలోపు. రోమ్ నుంచి దక్షిణంగా నేపుల్స్ వెళ్లాలన్నా గంటా పది నిమిషాలే.

ఫెరారీ అధిపతి రైలు కంపెనీ

వేగరైళ్లు ఇటలీకి కొత్తకాదు. రోమ్ - ఫ్లోరెన్స్ వేగమార్గంలో మొదటి భాగం 1977లోనే తెరుచుకుంది. ఐరోపాలో అలాంటి మార్గం అదే మొదటిది. 2008 డిసెంబరులో మిలాన్ - బొలోన్యా, మరుసటేడాది డిసెంబరులో బొలోన్యా - ఫ్లోరెన్స్ మార్గాలు అందుబాటులోకొచ్చాయి. ఆ రెండోది అపెనైన్ కొండల్ని తొలుచుకుంటూ వెళ్లే దారి. మొత్తం 78 కిలోమీటర్లలో 73 దాకా సొరంగాలే!

కొత్త మార్గాలు సిద్ధమవుతుండగానే కొందరు వ్యాపారవేత్తలు ముందుచూపుతో అడుగేశారు. ఫెరారీ కార్ల కంపెనీ అధిపతిగా పేరుపొందిన లూకా ది మోంటెజెమోలో, టాడ్స్ బూట్ల కంపెనీ యజమాని డియెగో దెల్లా వల్లే, మరికొందరు కలిసి 2006లో ఎన్‌టీవీ అనే కంపెనీ పెట్టారు. 2008లో ఫ్రాన్స్ ప్రభుత్వ రైల్వే సంస్థ కూడా అందులో 20 శాతం వాటా తీసుకుంది. ఆ కంపెనీ రైలే ఇతాలో. 2012 ఏప్రిల్ 28న మొదటిసారి ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. ప్రభుత్వ రైలు నడిచే వేగమార్గంలోనే ఒక ప్రైవేటు కంపెనీ సొంత రైళ్లతో పోటీకి దిగడం ఐరోపాలో అదే మొదలు.

ఇంతకీ ఒకే పట్టాల మీద ఇద్దరెలా నడుపుతారు? ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం పట్టాల నిర్వహణ వేరు, రైళ్లు నడపడం వేరు. పట్టాల్ని చూసే సంస్థ ఏ కంపెనీ రైలుకి ఏ సమయంలో దారివ్వాలో నిర్ణయిస్తుంది. రైలు పరుగెత్తిన ప్రతి కిలోమీటరుకీ అద్దె వసూలు చేస్తుంది. చిక్కేంటంటే, ఇటలీలో పట్టాల్ని చూసే సంస్థా, ట్రెనితాలియా... రెండూ ఒకే ప్రభుత్వ గ్రూపులోవి. తల్లి ఒకరే అయితే పక్కింటి పిల్లాడికి న్యాయం జరుగుతుందా అన్న అనుమానం మొదటి నుంచీ ఉంది. 2012లో రోమ్‌లోని ఓస్తియెన్సే స్టేషన్లో ఇతాలో ప్రయాణికుల హాలుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య ఇనుప కంచె వెలిసి పెద్ద గొడవే అయింది.

అప్పట్లో ఇతాలో రైళ్లు రోమ్‌లో టిబుర్తీనా, ఓస్తియెన్సే స్టేషన్ల నుంచీ, మిలాన్‌లో పోర్టా గరిబాల్డి నుంచీ నడిచేవి. ఊరి నడిబొడ్డునున్న టెర్మినీ, చెంత్రాలే స్టేషన్లకి అలవాటుపడ్డ జనం అంతదూరం వెళ్తారా? కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 2014లో నియంత్రణ సంస్థ పట్టాల అద్దెని బాగా తగ్గించడంతో ఊపిరి పీల్చుకుంది. రైళ్లు పెద్ద స్టేషన్లకి చేరాయి. లాభాలొచ్చాయి. 2018లో ఓ అమెరికా పెట్టుబడి సంస్థ దాదాపు 200 కోట్ల యూరోలు పెట్టి ఆ కంపెనీని కొనుక్కుంది.

ఈ పోటీలో అసలు లాభం ప్రయాణికుడిదే. ఛార్జీలు దిగొచ్చాయి. రైళ్లు పెరిగాయి. ప్రభుత్వ సంస్థ కూడా బద్ధకం వదిలించుకుంది. ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ అన్న పాత పద్ధతి తీసేసి స్టాండర్డ్, ప్రీమియం, బిజినెస్, ఎగ్జిక్యూటివ్ అని నాలుగు తరగతులు పెట్టింది. 2015లో ఫ్రెచ్చారోస్సా 1000 పేరుతో సరికొత్త రైళ్లు తెచ్చింది. ఒకప్పుడు రోమ్ - మిలాన్ మధ్య విమానాలదే హవా. ఈ రైళ్లొచ్చాక వ్యాపారులు కూడా విమానాశ్రయం మొహం చూడటం మానేశారు. అసలే కష్టాల్లో ఉన్న అలిటాలియా విమాన సంస్థకి అదో దెబ్బ. రకరకాల కారణాలతో 2021 అక్టోబరులో అది మూతపడింది.

పక్కసీటే... ఛార్జీ మూడింతలు!

మన రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో 2016 నుంచీ సీట్లు నిండేకొద్దీ ఛార్జీ పెరిగే పద్ధతి ఉంది. కాకపోతే దానికో హద్దుంది. ఇటలీ వేగరైళ్లలో తేడా ఇంకా ఎక్కువ. రోమ్ - మిలాన్ టికెట్టు నెలల ముందు కొంటే సుమారు 30, 40 యూరోలకి దొరకొచ్చు. బయల్దేరే రోజు కొంటే అదే సీటుకి వందకి అటూఇటూ. యూరో దాదాపు వంద రూపాయలు పలుకుతున్న రోజుల్లో నలుగురికి లెక్కేసుకోండి. తేడా 20 వేల రూపాయలు దాటుతుంది.

రెండు కంపెనీల టికెట్లలోనూ ప్రధానంగా మూడు రకాలుంటాయి. ట్రెనితాలియా వాటిని బేస్, ఎకానమీ, సూపర్ ఎకానమీ అంటుంది. ఇతాలోవి ఫ్లెక్స్, ఎకానమీ, లోకాస్ట్. పేర్లు వేరైనా సూత్రం ఒకటే. ఎక్కువ డబ్బిస్తే తేదీ, సమయం సులువుగా మార్చుకోవచ్చు. మధ్యరకానికి మార్పులున్నా షరతులుంటాయి. అన్నిటికన్నా చౌకది కొంటే ఆ రైలే ఎక్కాలి. తప్పిపోతే డబ్బు పోయినట్టే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ధరలు పోల్చేటప్పుడు ఒక కంపెనీ లోకాస్ట్ టికెట్టునీ, ఇంకో కంపెనీ బేస్ టికెట్టునీ పక్కపక్కన పెట్టి చూస్తారు. చౌకగా వచ్చిందని సంబరపడతారు. ఒక రకాన్ని అదే రకంతో పోలిస్తేనే తేడా నిజంగా ఎంతో తెలుస్తుంది. పోటీ ఎక్కువగా కనిపించేది కూడా ముందుగా కొనే చౌక టికెట్లలోనే. బయల్దేరే రోజు ఎవరి దగ్గర కొన్నా జేబు బరువు తగ్గాల్సిందే.

ఇంకో సంగతి... ట్రెనితాలియా వెబ్‌సైట్లో ఇతాలో రైలు కనిపించదు. ఇతాలో సైట్లో ట్రెనితాలియా ఊసే ఉండదు. ఒక్కటే చూసి కొనేసినవాడికి రెండో రైలు ఉందనే తెలియదు. కాబట్టి రెండూ తెరిచి చూడాలి. ట్రెయిన్‌లైన్, ఓమియోలాంటి సైట్లు రెండిటినీ ఒకేచోట చూపిస్తాయి. పోల్చుకోడానికి బాగుంటాయి కానీ చాలాసార్లు సేవా రుసుము వేస్తాయి. అక్కడ చూసుకుని, కంపెనీ సైట్లో కొనుక్కుంటే అదీ మిగులుతుంది. వెతికేటప్పుడు ఊళ్ల పేర్లు కూడా గుర్తుంచుకోవాలి. ఇటాలియన్లకి ఫ్లోరెన్స్ అంటే ఫిరెంజె, వెనిస్ అంటే వెనేత్సియా, నేపుల్స్ అంటే నాపొలి. స్టేషన్ బోర్డుల మీద ఉండేవి ఆ పేర్లే.

ధర ఒక్కటే చూస్తే...

పది యూరోలు తగ్గిందని కొన్న టికెట్టు ఒక్కోసారి ఇరవై యూరోల టాక్సీ ఖర్చు తెచ్చిపెడుతుంది. అందుకే ముందు చూసుకోవాల్సింది స్టేషను. వెనిస్ చూడాలంటే దిగాల్సింది శాంతా లుచియా స్టేషన్లో. బయటికి అడుగుపెట్టగానే ఎదురుగా గ్రాండ్ కెనాల్! దానికి ముందొచ్చే మెస్త్రే స్టేషన్ ప్రధాన భూభాగం మీద ఉంటుంది. మెస్త్రేలో హోటల్ తీసుకున్నవాళ్లకి అదే సరైనది. మిగతావాళ్లు అక్కడ దిగితే మళ్లీ ఇంకో రైలో బస్సో ఎక్కాలి. రోమ్‌లో టెర్మినీ, టిబుర్తీనా... మిలాన్‌లో చెంత్రాలే, రొగొరేదో... నేపుల్స్‌లో చెంత్రాలే, ఊరి బయటున్న అఫ్రగోలా... ఇలా పెద్ద ఊళ్లలో వేగరైళ్లు ఒకటికి మించిన స్టేషన్లలో ఆగుతాయి. హోటల్‌కి ఏది దగ్గరో చూసుకున్నాకే కంపెనీ సంగతి.

రెండోది... రైళ్ల సంఖ్య. ఇతాలోతో పోలిస్తే ట్రెనితాలియా రైళ్లు ఎక్కువ, అవి వెళ్లే ఊళ్లూ ఎక్కువ. అనుకోకుండా ప్రయాణం మార్చుకోవాల్సొస్తే ఆ కంపెనీ టికెట్టుతో మరో రైలు దొరికే అవకాశం ఎక్కువుంటుంది. విమానం దిగిన రోజే రైలెక్కాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. విమానం ఆలస్యమై రైలు తప్పితే ఏ రైలు కంపెనీకీ బాధ్యత లేదు. ఆ ఒక్క ప్రయాణానికీ మార్చుకునే వీలున్న టికెట్టు కొనడమే తెలివి. మిగతా ఊళ్ల మధ్య చౌక టికెట్లు చాలు.

మూడోది... మధ్యలో రైలు మారాల్సి వస్తే! రెండు రైళ్లూ ఒకే కంపెనీవై, ఒకే టికెట్టు మీదుంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతి రైల్లో పంపే బాధ్యత కంపెనీది. మొదటిది ఒకరిదీ, రెండోది ఇంకొకరిదీ అయితే నష్టం మనదే. పీసా వాలు గోపురం చూడాలన్నా, చింక్వే తెర్రె సముద్రతీర గ్రామాలకి వెళ్లాలన్నా చివరికి ఎక్కాల్సింది ట్రెనితాలియా ప్రాంతీయ రైలే. మన ప్యాసింజర్ రైళ్లలా అవి ఊరూరా ఆగుతాయి. ఫ్లోరెన్స్ నుంచి పీసాకి గంట పడుతుంది. వాటి ఛార్జీ ఎప్పుడు కొన్నా ఒకటే కాబట్టి ముందే కొనాల్సిన హడావుడి లేదు. కాగితం టికెట్టయితే మాత్రం ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. లేదంటే జరిమానా.

మరి సౌకర్యాలో? స్టాండర్డ్ తరగతిలో రెండు కంపెనీల మధ్యా ఏనుగూ ఎలుకా అంత తేడా ఏమీ లేదు. ఏసీ, వైఫై, ఫోను ఛార్జింగు రెండింట్లోనూ ఉంటాయి. పై తరగతుల్లో సీట్లు వెడల్పు, తినడానికేదో ఇస్తారు. రెండు, మూడు గంటల ప్రయాణానికి అది అవసరమా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే. పిల్లలున్న కుటుంబాలకి రెండు కంపెనీలూ ప్రత్యేక ఆఫర్లు పెడుతుంటాయి. అయితే పిల్లల టికెట్టు ఉచితమన్నచోట పెద్దల టికెట్టు ఖరీదైన రకం కొనాలన్న షరతు ఉండొచ్చు. కాబట్టి ఎవరి టికెట్టు ఎంత అని కాకుండా, ఇంటిల్లిపాదికీ కలిపి ఎంతయిందో చూడాలి.

ఇటలీలో తరచూ వినిపించే మాట ఇంకోటుంది... ‘షోపెరో’. అంటే సమ్మె! అయితే చెప్పాపెట్టకుండా చేయరు. తేదీ ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజున కూడా తప్పక నడిచే రైళ్ల జాబితాని కంపెనీలు విడుదల చేస్తాయి. ప్రయాణానికి రెండు మూడ్రోజుల ముందు ఓసారి చూసుకుంటే సరి. రైలు బాగా ఆలస్యమైతే ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం పరిహారమూ వస్తుంది. గంట దాటితే టికెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం. తుపాన్లలాంటి అసాధారణ పరిస్థితులకి మినహాయింపు ఉంది. పరిహారం అడిగినవాళ్లకే ఇస్తారు కాబట్టి టికెట్టు దాచుకోవాలి.

స్పెయిన్‌లో ముక్కోణపు పోటీ

ఇటలీలో ఇద్దరైతే స్పెయిన్‌లో ముగ్గురు. అక్కడి పాత రైలు పట్టాల మధ్య వెడల్పు 1668 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. అంటే మనకీ వాళ్లకీ తేడా ఎనిమిది మిల్లీమీటర్లే! వేగరైళ్లకి మాత్రం మిగతా ఐరోపాలో ఉండే 1435 మిల్లీమీటర్ల పట్టాలే వేశారు. మాడ్రిడ్ - సెవిల్ మధ్య 1992లో మొదలైన ఆ మార్గాలు ఇప్పుడు ఐరోపాలో మరే దేశంలోనూ లేనంత పొడవున విస్తరించాయి. ప్రపంచంలో చైనా తర్వాత స్థానం స్పెయిన్‌దే. మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి 621 కిలోమీటర్లు. వేగంగా వెళ్లే రైలు రెండున్నర గంటల్లో చేరుస్తుంది.

చాలాకాలం ఆ మార్గంలో ప్రభుత్వ సంస్థ రెన్ఫే ఒక్కటే రైళ్లు నడిపేది. ఆ రైలు పేరు ‘ఆవే’. స్పానిష్‌లో ఆ మాటకి పక్షి అని అర్థం. 2021 మే నెలలో ఫ్రాన్స్ ప్రభుత్వ రైల్వే సంస్థ ‘వీగో’ పేరుతో రెండంతస్తుల రైళ్లు తెచ్చింది. ప్రారంభ ఛార్జీ తొమ్మిది యూరోలు! వెంటనే జూన్‌లో రెన్ఫే కూడా ‘ఆవ్లో’ అని చౌక రైలు వదిలింది. 2022 నవంబరులో ‘ఇర్యో’ వచ్చింది. అందులో ఇటలీ ట్రెనితాలియాకి వాటా ఉంది. తమాషా చూడండి... సొంతింట్లో పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థలే పొరుగింటికెళ్లి పోటీదారులయ్యాయి. ట్రెనితాలియా 2021 డిసెంబరులో పారిస్ - లియోన్ మార్గంలోనూ అడుగుపెట్టింది. 2023లో రెన్ఫే రైళ్లు బార్సిలోనా నుంచి లియోన్‌కీ, మాడ్రిడ్ నుంచి మార్సేకీ బయల్దేరాయి.

స్పెయిన్‌లో చౌక టికెట్టు కొనేముందు సామాను లెక్క చూసుకోవాలి. వీగోలో మామూలు టికెట్టుతో ఒక చిన్న సూట్‌కేసు, ఓ చేతిసంచీ మాత్రమే ఉచితం. పెద్ద పెట్టె ఉంటే అదనపు రుసుము కట్టాలి. సీటు ఎంచుకోడానికీ విడిగా డబ్బులు. పదిహేను రోజుల యాత్రకి ఒక్కొక్కరూ పెద్ద పెట్టెతో బయల్దేరే మన కుటుంబాలకి అవన్నీ కలిపితే చౌక కాస్తా ఖరీదైపోవచ్చు. పైగా అక్కడి వేగరైళ్ల స్టేషన్లలో విమానాశ్రయంలాగా సామాన్లు స్కానింగ్ చేస్తారు. ప్లాట్‌ఫాంకి దారి రైలు బయల్దేరకముందే మూసేస్తారు. కదులుతున్న రైలు పరిగెత్తి ఎక్కేయొచ్చనుకుంటే కుదరదు. అరగంట ముందే చేరుకోవాలి. మాడ్రిడ్‌లోనూ ఆతోచా, చమార్తిన్ అని రెండు పెద్ద స్టేషన్లు ఊరికి చెరోవైపున ఉన్నాయి. రైలు ఎక్కణ్నుంచో టికెట్టు మీద చూసుకోవాలి.

ఇంత చౌక ఎన్నాళ్లు సాగుతుందన్నదే ప్రశ్న. వీగో ఖర్చుకన్నా తక్కువకి టికెట్లు అమ్ముతోందని 2024లో స్పెయిన్ రవాణా మంత్రి ఆస్కార్ పుయెంతే బాహాటంగానే విరుచుకుపడ్డారు. కొన్ని కొత్త రైళ్లలో పగుళ్లు కనిపించడంతో 2025 సెప్టెంబరులో రెన్ఫే మాడ్రిడ్ - బార్సిలోనా మధ్య ఆవ్లో సర్వీసుని ఆపేసింది. నిరుడు వెళ్లొచ్చిన బంధువులు చెప్పిన రైలు ఈ ఏడాది ఉండకపోవచ్చు. వాళ్లు చెప్పిన ధర అసలే ఉండకపోవచ్చు!

అన్ని దేశాల్లోనూ ఇలాంటి పోటీ ఉంటుందనుకోవద్దు. జపాన్‌లో బుల్లెట్ రైళ్లు నడిపేవి జేఆర్ సంస్థలే. ఒక్కో ప్రాంతం ఒక్కో సంస్థది కాబట్టి టోక్యో నుంచి ఒసాకాకి షింకన్‌సెన్‌లో వెళ్లేవాళ్లకి కంపెనీని ఎంచుకునే పని లేదు. ఏ దేశం వెళ్తున్నా, వెళ్లే మార్గంలో ఎందరు రైళ్లు నడుపుతున్నారన్నది మొదట తెలుసుకోవాల్సిన విషయం.

టికెట్టు కొనేముందు...

• వీసా చేతికి రాకముందే కొంటుంటే డబ్బు వెనక్కొచ్చే రకం, లేదా మార్చుకునే రకం టికెట్టే కొనాలి.

• పేరూ ఇంటిపేరూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. పొట్టి అక్షరాలతో సరిపెట్టొద్దు.

• పోటీ కంపెనీల సైట్లన్నీ చూడాలి. ఒకే రకం టికెట్లని పోల్చాలి.

• స్టేషన్ పేరు పూర్తిగా చదవాలి. ఊరి పేరు ఒక్కటే చూస్తే చాలదు.

• సామాను, సీటు, సేవా రుసుము కలిపి ఇంటిల్లిపాదికీ మొత్తం ఎంతో లెక్కేయాలి.

• యూరెయిల్ పాస్ ఉంటే అది ఏ కంపెనీ రైళ్లలో చెల్లుతుందో కనుక్కోవాలి. చెల్లే వేగరైళ్లలోనూ సాధారణంగా సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాల్సి ఉంటుంది.

• రైలెక్కేముందు బోర్డు మీద ఊరు, సమయంతోపాటు కంపెనీ పేరు, రైలు నంబరు సరిచూసుకోవాలి. ఒక కంపెనీ టికెట్టుతో ఇంకో కంపెనీ రైలెక్కితే టికెట్టు లేనట్టే లెక్క.

• రోమ్ టెర్మినీ, మిలాన్ చెంత్రాలే, ఫ్లోరెన్స్ శాంతా మారియా నొవెల్లా స్టేషన్లలో టికెట్టు చూపిస్తేనే ప్లాట్‌ఫాం మీదికి వదులుతారు. సాగనంపడానికి వచ్చినవాళ్లు గేటు దగ్గరే వీడ్కోలు చెప్పాలి.